కాన్వెంటు అనే మాట వెనక

ఇవాళ మనందరి నోళ్ళలోనూ బాగా నలిగిన ఒక మాట గురించి చెప్పుకుందాం. ఆ మాట కాన్వెంటు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళలో పొద్దున్నే వీధి చివర నిలబడి చూడండి. టై, బెల్టు, బూట్లతో పిల్లలు బిలబిలమంటూ పోతుంటారు. అరుగుల మీద ఆడవాళ్ళు అప్పటికే చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఉంటారు. సిరిసిల్లలో అయితే ఇంటి మగవాడు సాంచాల మీద ఉంటాడు, ఇల్లాలు బీడీల మీద ఉంటుంది. ఈ పక్క ఊళ్ళలో ఆడవాళ్ళ చేతిలోకి నాలుగు డబ్బులు వచ్చే పని చాలా కాలంగా ఇదే. ఆకు, తంబాకు, దారం, వంగిన నడుము. ఆమెను పలకరిస్తే ఏమంటుంది? "మా పోరిని కాన్వెంటుల ఏసినం అక్కా. నాలెక్క బీడీలు చుట్టద్దు గద!" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి మీరు.

తీరా ఆ కాన్వెంటు ఏమిటా అని చూస్తే మూడు గదుల డాబా, పైన రేకులు, గేటుకు సరస్వతీదేవి బొమ్మ. దేవత మనదే, వెనక తోక మాత్రం కాన్వెంటు! అలాగే 'సెయింట్' అని మొదలయ్యే ప్రతి బోర్డు వెనకా సిస్టర్లుంటారనీ అనుకోనక్కరలేదు. ఆ పేరుకు గిరాకీ ఉంది కాబట్టి పెట్టుకున్నవాళ్ళు బోలెడుమంది. నేను ఎగతాళికి అనడం లేదు. అసలు ఆ పేరుకు అంత గిరాకీ ఎలా వచ్చింది, ఎవరు తెచ్చిపెట్టారు అన్నదే నేను చెప్పదలుచుకున్న సంగతి.

లాటిన్ భాషలో ఆ మాటకు 'కూడిక' అని అర్థం. పెళ్ళి మానుకుని, ఆస్తి వదులుకుని, పెద్ద సిస్టరు మాటకు కట్టుబడి ఒకే కప్పు కింద బతికే కన్యస్త్రీల ఇల్లు కాన్వెంటు. బడి కాదు, ఇల్లు. ఆ ఇంటివాళ్ళు పక్కన బడి పెట్టారు. బడికి ఇంటి పేరే అతుక్కుపోయింది. కన్యస్త్రీలకు సభలని ఉంటాయి. ఒక్కో సభకు ఒక్కో పేరు, ఒక్కో నియమావళి, ఒక్కో స్థాపకురాలు. వీటిలో చాలావాటి పేర్లలో మరియమ్మ ఉంటుంది. యేసు తల్లి మరియమ్మ. ఆమె మన జగిత్యాల, కోరుట్ల ముస్లిం ఆడవాళ్ళకూ కొత్త మనిషి కాదు. ఖురానులో మర్యం పేరుతో ఒక అధ్యాయమే ఉంది.

మరియమ్మ పేరే ఎందుకు? ఆమె రాణి కాదు, పండితురాలు కాదు. వడ్రంగి ఇల్లాలు. బైబిలులో ఆమె గురించి రాసింది కొంచెమే. ఆ కొంచెంలో ఒక సంగతి నాకు బాగా ఇష్టం. తను గర్భవతి అయీ, బంధువు ఎలిజబెతమ్మ లేకలేక ముసలితనంలో కడుపుతో ఉందని తెలిసి, కొండప్రాంతానికి ప్రయాణం కట్టి వెళ్ళి, సుమారు మూడు నెలలు ఆమె దగ్గర ఉండి వచ్చింది. పురిటి సాయానికి గడప దాటిన మనిషి అన్నమాట. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఎందుకంటే ఆమె పేరు పెట్టుకున్న ఆడవాళ్ళకు కొన్ని వందల ఏళ్ళ పాటు గడప దాటే హక్కే లేదు. కన్యస్త్రీ అంటే నాలుగు గోడల మధ్య ప్రార్థన చేసుకోవాలి, చూడవచ్చినవాళ్ళతో కమ్మీల వెనక నుంచి మాట్లాడాలి, అంతే. ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మఠంలో చేరడానికీ కట్నం ఉండేది. కట్నం తెచ్చిన ఇంటి పిల్ల గానం చేసే సిస్టరు, తేలేని ఇంటి పిల్ల వంటా వార్పూ చూసే సిస్టరు. దేవుడి ఇంట్లోనూ తోడికోడళ్ళ తేడాలే! ఈ రెండు తరగతుల పద్ధతి 1962 నుంచి 1965 దాకా జరిగిన వాటికన్ మహాసభ తర్వాత గానీ పోలేదు.

ఆ గోడను మొదట గట్టిగా తోసినవాళ్ళలో మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు ఆవిడ ఒకరు. 1585లో పుట్టింది. 1609లో కొందరు స్నేహితురాళ్ళతో కలిసి సముద్రం అవతల సెంతొమేర్ అనే ఊళ్ళో సభ మొదలుపెట్టింది. ఆడపిల్లలకు చదువు చెబుతాం, ఊళ్ళలో తిరుగుతాం, గోడల వెనక ఉండం, మా పెద్ద మాలోనుంచే ఉంటుంది అన్నారు. పోపును ఒప్పించడానికి ఆల్ప్స్ పర్వతాలు దాటుకుంటూ నడిచి రోము వెళ్ళింది. ఆయన ఒప్పుకోలేదు సరికదా, 1631లో ఆ సభనే రద్దు చేశారు. ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. అక్కడినుంచి తన వాళ్ళకు ఉత్తరాలు ఎలా రాసిందో తెలుసా? నిమ్మరసంతో! ఎండితే కాగితం తెల్లగా ఉంటుంది, సెగ చూపితే అక్షరాలు గోధుమరంగులో తేలుతాయి. వంటింట్లో మనకు రోజూ చేతికి తగిలే వస్తువే. నమ్మకం కుదరకపోతే ఇవాళే ఒక బద్ద పిండి చూడండి. ఆమె 1645లో చనిపోయింది. ఆ సభకు స్థాపకురాలు ఈమే అని రోము ఒప్పుకున్నది 1909లో! ఆమె వరసలోని లొరెటో సిస్టర్లే 1841లో కలకత్తా వచ్చారు. మదర్ థెరిసా 1929లో మన దేశంలో అడుగు పెట్టింది ఆ లొరెటో సిస్టరుగానే. లొరెటో అన్నది ఇటలీలో మరియమ్మ ఇల్లు ఉన్నదని నమ్మే ఊరి పేరు.

ఇక మన పక్కనే పుట్టిన సభ ఒకటుంది. ఇలాంటివన్నీ ఫ్రాన్సు నుంచో ఇటలీ నుంచో ఓడ దిగి వచ్చాయనే అనుకుంటాం కదూ! ఇది నీలగిరి కొండల మీద ఊటీలో మొలిచింది. ఇలెన్ ద షప్పొతెన్ అనే ఫ్రెంచి ఆవిడ 1839లో నాంత్ నగరంలో పుట్టింది. వేరే సభలో చేరి, 1865లో మధురై ప్రాంతానికి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే అక్కడి సిస్టర్లందరికీ పెద్దను చేశారు. తర్వాత సభలో తగాదాలు ముదిరాయి. 1876లో ఇరవైమంది సిస్టర్లు ఆ సభ నుంచి విడిపోయి ఊటీ ఇంట్లో సర్దుకున్నారు. ఉమ్మడి కాపురం చెడి వేరు పడ్డవాళ్ళ మాట ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! ఉన్నవాళ్ళదే న్యాయం, పోయినవాళ్ళది పొగరు. ఆవిడ రోముకు వెళ్ళి తమ సంగతి చెప్పుకుంది. 1877 జనవరి 6న పోపు తొమ్మిదో పయస్ కొత్త సభకు అనుమతి ఇచ్చారు. తర్వాత వాళ్ళు ఫ్రాన్సిస్ మునివారి మార్గం కలుపుకుని ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అయ్యారు. పొట్టిగా ఎఫ్.ఎం.ఎం. ఆవిడ 1904లో చనిపోయింది. 2002లో ధన్యురాలిగా ప్రకటించారు.

వాళ్ళ పని మన తెలుగు ఇళ్ళలో చాలామందికి తెలిసినదే. మదరాసులో 1947లో స్టెల్లా మారిస్, బెజవాడలో 1962లో మారిస్ స్టెల్లా. పేరు తిరగేశారే గానీ అర్థం ఒకటే, సముద్ర తార. ఓడవాళ్ళకు దారి చూపే చుక్క అని మరియమ్మకు పెట్టిన పాత పేరు. అమ్మాయిని పై చదువుకు మగపిల్లల కాలేజీకి పంపడానికి తల్లిదండ్రులు జంకే రోజుల్లో "సిస్టర్ల కాలేజీ, సిస్టర్ల హాస్టలు" అనే ఒక్క మాటతో ఎందరు తండ్రులు సరేనన్నారో! నాలాగా మెట్రిక్‌తో ఆగిన ఆడవాళ్ళకు ఆ సరే విలువ తెలుస్తుంది.

బెజవాడ అన్నాక గుణదల మాట రాకుండా ఎలా ఉంటుంది? ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి ఫాదరుగారు 1924లో ఆ కొండ మీద మరియమాత విగ్రహం నిలిపారు. ఏటా ఫిబ్రవరిలో ఉత్సవాలు. అక్కడ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మన సిరిసిల్ల పక్క వేములవాడ రాజన్నకు తలనీలాలిచ్చే మనిషికి గుణదల ఏమీ వింతగా తోచదు. చాలామంది పొరబడే సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. అదే 1924లో పూర్తయిన మన మెదకు చర్చి ఈ కోవలోది కాదు. అది ప్రొటెస్టెంట్లది. వాళ్ళలో మరియమాత ఉత్సవాలు, ఈ సభలు ఉండవు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. గుంటూరు కథ.

హాలండులో ఆమర్స్‌ఫోర్ట్ అనే ఊళ్ళో 1822లో యేసు మరియ జోజప్పల సభ పుట్టింది. జె.ఎం.జె. అంటే వీళ్ళే. మతియాస్ వోల్ఫ్ అనే ఫాదరుగారు మొదలుపెట్టారు. ఈ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. బడితోపాటు చిన్న మందుల గది పెట్టారు. ఆ రోజుల్లో మన ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించేవాళ్ళు కాదు. పరదా ఉన్న ఇళ్ళ సంగతి సరేసరి. బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతిలో ఉన్నంత, దేవుడి చేతిలో ఉన్నంత. తల్లిని పోగొట్టుకున్న పసిగుడ్లు ప్రతి వీధిలోనూ ఉండేవాళ్ళు.

అక్కడ సిస్టర్లున్నారు, మందుల గది ఉంది. మరి పురుళ్ళు ఎందుకు పొయ్యలేదంటారా? పొయ్యకూడదు! చర్చి చట్టం ప్రకారం మఠంలో ఉన్నవాళ్ళు ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యం చెయ్యకూడదు. కాన్పు విషయం అసలు తలపెట్టకూడదు. కన్యస్త్రీ మర్యాదకు అది తగదని పెద్దల ఉద్దేశం. ఎలిజబెతమ్మ ఇంటికి వెళ్ళిన మరియమ్మ పేరు పెట్టుకున్నవాళ్ళకు ఈ కట్టడి! పెద్దలు ఆ పుస్తకం రోజూ చదివేవారే గదా అని నాకు అనుమానం వస్తూ ఉంటుంది.

ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు లేడీ డాక్టరు ఈ చట్టం మార్చమని రోముకు పదే పదే మొర పెట్టుకుంది. రావల్పిండిలో ఆడవాళ్ళకు ఆస్పత్రి పెట్టించింది గానీ చట్టం మారడం చూడకుండానే 1913లో పోయింది. ఆమె గురించి అచ్చువేసిన చిన్న పుస్తకం ఒకటి 1915లో ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలో ఒక యువ డాక్టరు చేతిలో పడింది. ఆమె పేరు మేరీ గ్లౌరీ.

మేరీ గ్లౌరీ 1887లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఆడ డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నిమంది ఉన్న రోజులవి. మంచి ప్రాక్టీసు కుదిరింది. కాథలిక్ మహిళల సంఘానికి మొదటి అధ్యక్షురాలైంది. ఇంత చేతిలో ఉండగా, ఆ పుస్తకం చదివాక మనసు నిలవలేదు. ఉత్తపుణ్యానికి పరిగెత్తలేదు చూడండి, అక్కడే నాకు ఆమె మీద గౌరవం. అక్కడికి పోతే ఏ చదువు అక్కరకొస్తుందో ఆలోచించి, కాన్పులూ స్త్రీల జబ్బులూ కంటి వైద్యంలో 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరింది. వయసు ముప్పయ్ రెండు. జె.ఎం.జె. సభలో చేరి తిరుహృదయపు మేరీ సిస్టరు అయింది. కన్యస్త్రీగా ఉంటూ వైద్యం చెయ్యడానికి పోపు పదిహేనో బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఒక్క మనిషికి!

ఆ ఒక్క మనిషి గుంటూరులో ముప్పయ్ ఏళ్ళకు పైగా పని చేసింది. మందుల గది పెరిగి సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రి అయింది. ఊళ్ళకు వెళ్ళేది. మన పిల్లల్నే కాంపౌండర్లుగా, నర్సులుగా, పురుళ్ళు పోసేవాళ్ళుగా తయారుచేసింది. డాక్టరు ఒక్కతే అయితే ఎన్ని గుమ్మాలకు పోతుంది? నేర్చుకున్న చేతులు పదిమందివైతే పది గుమ్మాలు. ఈ లెక్క ఆమెకు బాగా తెలుసు.

ఈలోగా రోములో చట్టం కదిలింది. రావల్పిండిలోనే పనిచేసిన అన్నా డెంగెల్ అనే ఆస్ట్రియా డాక్టరు 1925లో అమెరికాలో వైద్య సిస్టర్ల సంఘం పెట్టి గట్టిగా నిలబడింది. చివరికి 1936లో కన్యస్త్రీలు వైద్యం నేర్వవచ్చు, కాన్పులు చూడవచ్చు అని రోము నుంచి ఉత్తరువు వచ్చింది. మనం ఇప్పుడు ఏ మిషన్ ఆస్పత్రిలోనైనా తెల్లచీర సిస్టరు బిడ్డను గుడ్డలో చుట్టి చేతికిస్తే అదేదో అనాదిగా ఉన్నదే అనుకుంటాం. ఆ చేతులకు అనుమతి దొరికి ఇంకా నిండా నూరేళ్ళు కాలేదు.

1943లో మేరీ గ్లౌరీ కొందరు సిస్టర్లను కూడగట్టి దేశమంతటి కాథలిక్ ఆస్పత్రులకు ఒక సంఘం పెట్టింది. ఇవాళ దాని పేరు కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. మూడు వేలకు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. ముఖ్య కార్యాలయం మన సికింద్రాబాదులోనే. ఆమె 1957 మే 5న బెంగుళూరులో క్యాన్సరుతో చనిపోయింది. 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు. అంటే పునీతురాలు కావడానికి మొదటి మెట్టు. మన బడి పుస్తకాల్లో ఆమె పేరు నేను చదువుకోలేదు. మీరు చదువుకున్నారా?

మన తెలంగాణ వైపుకు వద్దాం. సికింద్రాబాదులో 1871 నుంచీ సెయింట్ ఆన్స్ బడి ఉంది. ఆన్ అంటే అన్నమ్మ, మరియమ్మ తల్లి. బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల 1959లో వచ్చింది. దాన్ని నడిపే సిస్టర్లను ఇటలీలో మరియా బాంబినా సిస్టర్లంటారు. బాంబినా అంటే పాపాయి. మిలాన్‌లో వాళ్ళ పెద్ద మఠంలో పసిపాప మరియమ్మ మైనపు బొమ్మ ఉంది, దాన్నిబట్టి జనం పెట్టిన పేరు. కృష్ణాష్టమికి మనం ఉయ్యాల్లో బాలకృష్ణుణ్ణి పెట్టుకోమూ, అట్లాగే.

మన కరీంనగరు వైపు ఇవన్నీ ఆలస్యంగా వచ్చాయి. నిజాము కాలంలో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు దక్కింది మారుమూల తాలూకాలకు దక్కలేదు. 1952 డిసెంబరులో వరంగల్ మేత్రాసనం ఏర్పడి మన ప్రాంతం అందులోకి వచ్చింది. కాజీపేటలో ఫాతిమామాత దేవాలయం దానికి ముఖ్యమైనది. 1917లో పోర్చుగల్‌లో ఫాతిమా అనే పల్లెలో ముగ్గురు పిల్లలకు మరియమ్మ కనిపించిందని చెబుతారు, ఆ పేరే ఫాతిమానగర్ అయింది. అక్కడే 1955లో సెయింట్ గాబ్రియేల్ హైస్కూలు వెలిసింది. దాన్ని మోంఫోర్ బ్రదర్లు పెట్టారు. వీళ్ళు మగవాళ్ళు. అయితే వాళ్ళ మూలపురుషుడు లూయీ మరీ ద మోంఫోర్ మరియ భక్తిలో మునిగి తేలిన మనిషి. ఆయన 1716లో పోయాడు. మరియమ్మ మీద ఆయన రాసిన పుస్తకం ఎవరి కంటా పడకుండా పెట్టెలో పడి ఉండి 1842లో బయటపడింది. జగిత్యాల, సిరిసిల్లల్లో కాస్త స్తోమత ఉన్నవాళ్ళు పిల్లల్ని కాజీపేటకో హైదరాబాదుకో పంపి హాస్టల్లో పెట్టేవాళ్ళు. అదీ మగపిల్లల్ని. ఆడపిల్ల బీడీ చాట దగ్గరే ఉండేది. కాబట్టే ఊళ్ళో మూడు గదుల కాన్వెంటు పెడితే తల్లులు అంత ఎగబడ్డారు.

సిస్టర్ల బడుల్లో లోపాలు లేవని నేను అనను. మతప్రచారం వాళ్ళ పనిలో భాగమే, అది దాస్తే దాగేది కాదు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన బడులూ ఉన్నాయి. అమ్మ భాష మాట్లాడినందుకు పిల్ల మెడలో పలక కట్టడం ఏ దేవమాతకు సంతోషం? ఫీజుల మాట వస్తే, బీదల కోసమని మొదలై కలవారి పిల్లలతో నిండిపోయినవి ఎన్నో. అయితే విచిత్రం చూడండి. మనవాళ్ళు సొంత కాన్వెంట్లు పెట్టుకున్నప్పుడు ఏరి ఏరి తెచ్చుకున్నది ఈ లోపాలనే. టై తెచ్చుకున్నాం, జరిమానా తెచ్చుకున్నాం, ఫీజు తెచ్చుకున్నాం. ఆల్ప్స్ దాటిన మేరీ వార్డును, పదిమందికి పురుడు పొయ్యడం నేర్పిన గ్లౌరమ్మను తెచ్చుకోలేదు.

ఇప్పుడు యూరపులో మఠాల్లో చేరే పిల్లలు బాగా తగ్గిపోయారు. మన దేశంలో పుట్టిన సిస్టర్లే అక్కడికి వెళ్ళి ముసలి సిస్టర్లకు సేవ చేస్తున్నారు. మన ఊరి బస్సులో మీ పక్కన కూర్చున్న సిస్టరమ్మ ఏ పల్లెలోనో మన యాసలో మాట్లాడుతూ పెరిగిన పిల్లే అయి ఉండవచ్చు. ఈసారి కనిపిస్తే ఆమె పేరు వెనక అక్షరాలు అడగండి. ఎఫ్.ఎం.ఎం. అంటే ఊటీలో వేరు పడ్డ ఇరవైమంది. జె.ఎం.జె. అంటే గుంటూరు పురిటి గది. ఇంకేదైనా చెబితే అదేమిటో ఆమెనే చెప్పమనండి. వాళ్ళను ఫీజు గురించి తప్ప ఇంకేమీ అడిగేవాళ్ళు లేరు, సంతోషంగా చెబుతారు.